మిల్లు చప్పుడు పోయాక

తుని,
22 ఆగస్టు 2003

మావయ్యా,

ఈ ఉత్తరం నేను పాఠాలు చెప్పే కాలేజీ నుంచి రాస్తున్నాను. జవాబు కూడా కాలేజీ చిరునామాకే రాయి. ధవళేశ్వరం ఇంటికి వద్దు. ఎందుకని అడక్కు. అడుగుతావని తెలుసు, అయినా అడక్కు.

పుష్కరాలు అయిపోయి పదిరోజులు దాటినా ఆ మైకుల హోరు నా చెవుల్లోంచి ఇంకా పోలేదు. "కాకినాడ నుంచి వచ్చిన బుల్లెమ్మగారూ, మీవాళ్ళు కోటిలింగాల రేవు దగ్గర ఎదురుచూస్తున్నారు" అని పన్నెండు రోజులూ అరుస్తూనే ఉన్నారు. ఆ బుల్లెమ్మగారు దొరికారో లేదో గాని, నాకు మాత్రం కలలో కూడా ఆవిడే.

సంగతేంటంటే, నాకో హెడ్‌ఫోన్స్ జత కావాలి. పాటలు వినేవి కాదు. బయటి మోతని అవే పసిగట్టి చెరిపేస్తాయట, విమానాల్లో పెట్టుకుంటారట. స్టాఫ్‌రూమ్‌లో ఏదో పత్రికలో చదివాను. పాతికేళ్ళుగా ముంబయిలో స్పీకర్లూ టేప్‌రికార్డర్లూ అమ్మే కొట్లో ఉన్నావు, నీకంటే తెలిసినవాళ్ళు మనవాళ్ళలో ఎవరున్నారు? రాజమండ్రి నుంచి తునికి పాసింజర్లో రానూ పోనూ నాలుగు గంటలు. డిసెంబర్లో నెట్ పరీక్ష. ఇంటికొస్తే గోడ పక్కనే రైసు మిల్లు, పొద్దున్న నాలుగింటి నుంచీ రెండు షిఫ్టులు. ఎక్కడ చదవమంటావు?

మంచిది చూసి పంపు. నాన్నకి ఈ సంగతి తెలియనక్కర్లేదు. అమ్మ బాగానే ఉంది, నిన్ను తలుచుకోని రోజు లేదు.

నీ మేనకోడలు,
ఫణిశ్రీ


ముంబయి,
1 సెప్టెంబరు 2003

చిరంజీవి ఫణికి మావయ్య ఆశీస్సులు.

ఇక్కడ వానలు. గొడుగు ఆరక ముందే మళ్ళీ తడుస్తోంది. నేను బతికే ఉన్నానా అని నువ్వు అడగలేదు కాబట్టి నేనే చెప్తున్నాను, ఉన్నాను.

అమ్మాయీ, కౌంటరు వెనకాల నిలబడి నిలబడి నాకో జ్ఞానం అబ్బింది. కొనడానికొచ్చినవాడు మొదట చెప్పే కారణం అసలు కారణం కాదు. మొన్న ఒకాయన "మా అమ్మగారు భజనలు వింటారండీ" అని కొట్లో ఉన్నవాటిలోకల్లా పెద్ద స్పీకర్లు అడిగాడు. అరగంట మాట్లాడిస్తే తేలిందేమిటంటే, పై వాటాలో ఉండే ఆయనతో వైరం. అమ్మగారు పోయి ఆరేళ్ళయిందట.

ఇప్పుడు నీ సంగతి. మా పిన్ని కూతురి పెళ్ళిలో బ్యాండు మేళం పక్కనే కుర్చీ వేసుకుని ఎక్కాలు రాసిన పిల్లవి నువ్వు. "దీనికి చెవులున్నాయా" అని అందరం నవ్వుకున్నాం. నీకు మిల్లు అడ్డమైందా? పుట్టినప్పటి నుంచీ ఆ మిల్లు పక్కనే కదుటే చదివావు, ఎమ్మెస్సీలో ఫస్టు క్లాసు కూడా తెచ్చుకున్నావు. పైగా ఇంటికి రాయొద్దంటావు, బావకి చెప్పొద్దంటావు. ఏదో వాసన కొడుతోంది.

సరే, అనుమానం అనుమానమే, వ్యాపారం వ్యాపారమే. ఇవి రకరకాలు ఉంటాయి. చెవి మొత్తాన్ని కప్పేవి, చెవి మీద ఆనేవి, లోపలికి దూర్చుకునేవి. ఏది కావాలో తేల్చాలంటే నాకు కొన్ని తెలియాలి. తల కొలత ఎంత? కళ్ళజోడు ఉందా? ఒక్క బిగిని ఎంతసేపు పెట్టుకోవాలి? ఏ మోత పోవాలి, ఏది వినబడాలి? తొందరపడి రాయకు, నిజం రాయి.

మీ మావయ్య,
మణిశంకర్


తుని,
9 సెప్టెంబరు 2003

మావయ్యా,

అనుమానప్పక్షివి నువ్వు. ఊళ్ళో ఉన్నప్పుడు పాలమనిషి డబ్బాలో వేలు ముంచి చూసేవాడివట, అమ్మ చెప్పింది. ఇప్పుడు నా వంతు వచ్చింది.

నీ ప్రశ్నలకి జవాబులు. తల చుట్టుకొలత ఇరవై మూడున్నర అంగుళాలు, టేపు పెట్టి కొలిచాను. కళ్ళజోడు ఉంది, అక్షరాలు చూసుకునేటప్పుడే. ఒక్క బిగిని రెండు గంటలు. చెవులకి పోగులుంటే నొక్కుకుని పుండు పడుతుందా? వెనక జుట్టు ముడేసి ఉంటే బద్దీ జారుతుందా? మిల్లు మోత పూర్తిగా పోవాలి గాని, ఎదురుగా కూర్చున్న మనిషి గొంతు మాత్రం తేటగా వినబడాలి. అది ముఖ్యం. అలా కుదురుతుందా కుదరదా, ముందు అది రాయి.

చెవి మొత్తం కప్పేవే మేలనుకుంటాను. చూసేవాళ్ళకి పాటలు వింటున్నట్టే ఉండాలి, ఇంకేదో అనుకోకూడదు.

కార్తీకం రాకముందే చేరాలి. దయచేసి ఇంక ఆరా తియ్యకు.

ఫణి


ముంబయి,
17 సెప్టెంబరు 2003

ఫణీ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మూడోసారి చదివేసరికి టీ చల్లారిపోయింది.

నీ తల ఇరవై మూడున్నర అంగుళాలా? నీ చెవులకి పోగులా? నువ్వు కళ్ళజోడు పెట్టుకోవడం నేనెప్పుడూ చూడలేదు. పోయిన వేసవిలో నా పక్కన కూర్చుని నా పేపరు లాక్కుని కళ్ళజోడు లేకుండానే చదివావు. ఎదురుగా కూర్చున్న మనిషి గొంతు వినబడాలంటావు, పరీక్షకి చదివే పిల్లకి ఎదురుగా కూర్చునేదెవరు? ఆ గొంతు అంత తేటగా ఎందుకు వినబడాలి?

చెవులకి పోగులూ వెనక ముడీ ఉండే కుర్రవాళ్ళు ఈ రోజుల్లో ఎక్కడుంటారో నాకు తెలియదనుకున్నావా? మీ నాన్న వేదపాఠం చెప్పే అరుగు మీద ఉంటారు. శిష్యుల్లో పెద్దవాడు, ముక్కామల నుంచి వచ్చిన అబ్బాయి ఉదయ్‌భాస్కర్. ఎనిమిదేళ్ళుగా మీ ఇంట్లో తిని, మీ ఇంట్లో చదివి, చదువు పూర్తయినా కదలకుండా ఉన్నాడు. ఎందుకు కదల్లేదో ఇప్పుడు అర్థమైంది. వాడికి కానుక కొనడానికి మావయ్య కావాల్సి వచ్చాడన్నమాట!

నేను పాతకాలం వాణ్ణి కాను. కుర్రాడు మంచివాడే అయితే నేనే మాట్లాడేవాణ్ణి. కాని దొంగచాటు వ్యవహారం నాకు పడదు. అందుకని బావకి ఒక కార్డు రాసి పడేశాను. లౌక్యంగానే రాశాలే. "పెళ్ళీడు కుర్రవాళ్ళు ఇంట్లో మసులుతున్నారు, ఆడపిల్ల ఉన్న ఇల్లు, కాస్త కనిపెట్టి ఉండండి" అన్నాను, అంతే. పేరు రాయలేదు.

ఇప్పటికైనా నిజం చెప్తే సామాను సంగతి ఆలోచిస్తాను.

మణిశంకర్


తుని,
29 సెప్టెంబరు 2003

మావయ్యా,

కార్డు చేరింది. పేరు రాయకపోతే నాన్నకి తెలియదా? ఇంట్లో పెళ్ళీడువాడు ఒక్కడే.

ఉదయ్‌భాస్కర్‌ని పంపేశారు. పొద్దున్నే పిలిచి "నీ చదువు అయిపోయింది, ఇక మీ ఊరు వెళ్ళు" అన్నారు. కారణం చెప్పలేదు. అతనూ అడగలేదు. కాళ్ళకి దణ్ణం పెట్టి, గుడ్డల సంచీ భుజాన వేసుకుని బస్సెక్కాడు. నాకు ఒళ్ళు మండిపోతోంది మావయ్యా. నీ తెలివి తెల్లారినట్టే ఉంది! నీ లౌక్యం నువ్వే ఉంచుకుని ఊరుకుంటే ఏం పోయేది?

నిజం కావాలన్నావుగా, విను. ఆ తల నాన్నది. ఆ పోగులు నాన్నవి. మంకీక్యాపు కొలిచి నీకు రాశాను.

నాన్నకి చెవులు వినబడటం లేదు.

నీకు తెలుసుగా, నాన్న పాఠం చెప్పే పద్ధతి. ఆయన ఒకసారి చెప్తారు, పిల్లలు రెండుసార్లు అనాలి. పుస్తకం ఉండదు. స్వరం దిగితే తల వంచాలి, లేస్తే తల ఎత్తాలి. కొత్తగా వచ్చినవాళ్ళకి ఆయనే తల పట్టుకుని వంచుతారు, ఎత్తుతారు. మూడేళ్ళుగా నాన్న పిల్లల గొంతులు వినడం లేదు, వాళ్ళ తలలు చూస్తున్నారు. తల తప్పితే పట్టుకుంటున్నారు. తల సరిగ్గా ఆడించి గొంతు తప్పితే దాన్ని పట్టుకున్నది ఉదయ్. పిల్లల వెనకాల, నాన్నకి ఎదురుగా కూర్చునేవాడు. తప్పు రాగానే మోకాలి మీద వేలు కదిపేవాడు. నాన్న "ఆగు, మళ్ళీ చెప్పు" అనేవారు. చదువు పూర్తయినా అతను కదలనిది ఇందుకు, నాకోసం కాదు.

నాకు ఎలా తెలిసిందంటావా? జూన్‌లో ఉదయ్‌కి జ్వరమొచ్చి వారం రోజులు లేవలేదు. ఆ వారం ఒక కుర్రాడు ఒకే పంక్తిని నాలుగు రోజులపాటు తప్పు స్వరంలో చెప్పాడు. తల మాత్రం చక్కగా ఆడించాడు. నాన్న "భేష్" అన్నారు. వంటింట్లో నా చేతిలో గిన్నె జారిపోయింది. ఆడపిల్లవి, పలక్కూడదన్నారు గాని వినకూడదని నాకెవరూ చెప్పలేదు, పుట్టినప్పటి నుంచీ వింటూనే ఉన్నాను. ఉదయ్‌ని నిలదీస్తే అప్పుడు చెప్పాడు, ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకుని మరీ.

నాన్న మిల్లుని తిడతారు. "ఈ వెధవ మిల్లు మోతలో ఏం వినబడి చస్తుంది, గట్టిగా అనండ్రా" అంటారు. మిల్లుకి సెలవు అమావాస్యనాడు. వేదానికీ అమావాస్య సెలవే, ఆరోజు పాఠం చెప్పకూడదు. అంచేత మిల్లు లేకుండా నాన్న పాఠం విన్నదే లేదు. తప్పు మిల్లుదేనని ఆయన నమ్మకం. నేనూ సగం నమ్మాను. మిల్లు మోత ఒక్కటి తీసేస్తే గొంతు మిగులుతుందనుకున్నాను. చెవి మిషను మాట ఎత్తే ధైర్యం ఎవరికుంది? "చెవిటి మిషను పెట్టుకున్నవాడి దగ్గర ఎవడైనా వేదం చదువుతాడుటే?" అని ఒకసారి ఇంకెవరి గురించో అన్నారు. అమ్మ ఆ తర్వాత నోరెత్తలేదు.

ఇప్పుడు కార్తీకంలో కోనసీమలో పెద్ద వేదసభ. నాన్న పరీక్షాధికారి, ఒప్పుకుని కూర్చున్నారు. అక్కడ పరీక్షకి వచ్చేవాళ్ళు పిల్లలు కారు, తలలాడించరు. మోకాలి మీద వేలు కదిపే ఉదయ్ కూడా ఉండడు. ఎవరి తప్పుకి "భేష్" అంటారో, ఎవరి ఒప్పుని ఆపేస్తారో! ఇరవై ఏళ్ళు చదివి వచ్చినవాడి నోట్లో మట్టి కొడితే ఆ పాపం ఎవరిది? నలుగురిలో తేలిపోతే నాన్న బతుకుతారా?

ఇప్పుడైనా పంపుతావా?

ఫణిశ్రీ


ముంబయి,
11 అక్టోబరు 2003

ఫణీ తల్లీ,

నా చెప్పుతో నన్ను కొట్టుకోవాలి. కొట్లో పది మందిని చూసి పదకొండో మనిషి మనసు కూడా చదివేశాననుకున్నాను. ఆ కుర్రాడికి ఏ ముఖంతో క్షమాపణ రాయాలో తెలియక మూడు కాగితాలు చింపాను. నాలుగోది పోస్టు చేశాను.

పార్సెలు ఈ ఉత్తరంతోనే వస్తుంది. కాని ముందు, అమ్మేవాడు చెప్పకూడని మాట చెప్తాను. ఇది మీ నాన్నకి పనికిరాదు.

ఇంజనూ, ఫ్యానూ, మిల్లూ, ఇలా ఒకే తీరుగా మోగే మోతని ఇది పసిగట్టి, ఎదురు మోత పుట్టించి చెరిపేస్తుంది. మనిషి గొంతు జోలికి పెద్దగా పోదు. అలాగని గొంతుని పెంచదు కూడా. పోయిన వినికిడిని తెచ్చిపెట్టడం దీనివల్ల కాదు, దానికి చెవి డాక్టరు కావాలి. ముందు నువ్వే రైల్లో పెట్టుకుని చూడు, నీకే తెలుస్తుంది.

అలాంటప్పుడు ఎందుకు పంపుతున్నావంటావా? రెండు రోజులు ఆలోచించాను. మూడేళ్ళుగా బావ మిల్లుని తిట్టుకుంటూ బతుకుతున్నాడు. ఇది పెట్టుకుంటే మిల్లు ఉండదు. మిల్లు లేకపోయినా పిల్లవాడి గొంతు వినబడకపోతే, ఇక ఎవర్ని తిట్టుకుంటాడు? ఆ మనిషికున్న ఒక్క ఆసరానీ మనం లాగేసినట్టవుతుంది. అలాగని ఊరుకుంటే సభ ఉండనే ఉంది. ఇవ్వాలో వద్దో నేను చెప్పలేను. ఒకసారి వేలు పెట్టి చూశాను, చాలు. ఆయన కూతురివి, నువ్వే తేల్చుకో.

అక్కయ్యకి మాత్రం చెప్పి చెయ్యి. ఆవిడకి ఎప్పుడో తెలిసే ఉంటుందని నా అనుమానం. ఈ ఒక్క అనుమానమైనా నిజమవుతుందేమో చూడు.

సిగ్గుపడుతున్న మీ మావయ్య,
మణిశంకర్


ధవళేశ్వరం,
10 నవంబరు 2003

మావయ్యా,

ఈసారి ఇంటి నుంచే రాస్తున్నాను. ఇంటికే జవాబు రాయి.

నువ్వు చెప్పినట్టు ముందు రైల్లో పెట్టుకున్నాను. ద్వారపూడి దాటాక మీట నొక్కితే రైలు మోత మాయమైపోయింది. ఎదుటి బల్ల మీద ఇద్దరు ఆడవాళ్ళు తోడికోడల్ని ఆడిపోసుకోవడం మాత్రం సామర్లకోట దాకా పొల్లు పోకుండా విన్నాను. నాకేం వినబడదనుకుని వాళ్ళు నా చీర మీద కూడా వ్యాఖ్యానం చేశారు. అప్పుడు నమ్మాను నీ మాట. నాన్నకి ఇది ఇస్తే ఏమవుతుందో కూడా అప్పుడే అర్థమైంది.

అమ్మకి చెప్పాను. నీ అనుమానం నిజమే, అమ్మకి నాకంటే ముందే తెలుసు. "ఎదురుగా నిలబడి పెదాలు కదిపితే తప్ప పలకరుగా, నాకు తెలియదా?" అంది. తర్వాత చాలాసేపు ఏడ్చింది.

ఆ తర్వాతి ఆదివారం సంచీలోంచి తీద్దామా వద్దా అని నేను గింజుకుంటుంటే నాన్నే పట్టుకున్నారు. "పొద్దుట్నుంచీ ఆ సంచీని కోడిపెట్ట గుడ్లని పొదిగినట్టు పొదుగుతున్నావు, ఏంటే అందులో?" అన్నారు. తీసి చేతిలో పెట్టాను. తిప్పితిప్పి చూశారు.

"ఏం పాట వస్తుంది దీంట్లో?"

"ఏ పాటా రాదు నాన్నా."

"పాట రానిదానికి చెవులు మూసుకోవడం ఎందుకు?"

నేను మీట నొక్కి ఆయన చెవులకి పెట్టాను. నాన్న ముఖం మారిపోయింది. "మిల్లు ఆపేశారా?" అన్నారు. తీశారు, మళ్ళీ పెట్టుకున్నారు. లేచి కిటికీ దగ్గరికి వెళ్ళారు. మిల్లు గొట్టంలోంచి ఊక ఎగురుతూనే ఉంది. దానికేసి చాలాసేపు చూశారు.

వచ్చి కూర్చుని, శిష్యుల్లో ఒక కుర్రాణ్ణి పిలిచి పాఠం అప్పజెప్పమన్నారు. వాడు మొదలుపెట్టగానే నాన్న కళ్ళు మూసుకున్నారు. మావయ్యా, పాఠం వింటూ ఆయన కళ్ళు మూసుకోవడం నేను మూడేళ్ళలో చూడలేదు. వాడి తల చూడకుండా వాడి గొంతు ఒక్కటే వినాలనుకున్నారు. వాడు తనకి వచ్చినంతా చెప్పి ఆపేశాడు. నాన్న కళ్ళు మూసుకునే ఉన్నారు, ఇంకా వింటున్నట్టే. వంటింటి గుమ్మంలో అమ్మా నేనూ ఒకళ్ళ చెయ్యి ఒకళ్ళం పట్టుకుని నిలబడ్డాం. కాసేపటికి ఆయన కళ్ళు తెరిచారు.

"ఎప్పుడు ఆపావురా?"

"ఇందాకేనండి" అన్నాడు వాడు, భయపడుతూ.

నాన్న హెడ్‌ఫోన్స్ తీసి నా ఒళ్ళో పెట్టారు. "మిల్లుని మూడేళ్ళు తిట్టాను. పాపం" అన్నారు. అంతే. ఆ పూట అన్నం తినలేదు.

మర్నాడు సభవాళ్ళకి తనే ఉత్తరం రాశారు. ఒంట్లో బాగాలేదని రాస్తారేమో అనుకున్నాను. "వినికిడి పోయింది, పరీక్షాధికారిగా పనికిరాను" అని రాశారు. అదే రోజు బస్సెక్కి ముక్కామల వెళ్ళారు. వెళ్ళేముందు నాతో అన్నారు, "వాడు మోకాలి మీద వేలెందుకు కదుపుతున్నాడో నాకు మొదట్నుంచీ తెలుసే. వాడి దయ మీద బతుకుతున్నానని రోజూ ఒళ్ళు మండేది. మీ మావయ్య కార్డు వంక చేసుకుని పంపేశాను" అని. కాబట్టి ఆ పాపం నీ ఒక్కడిదే కాదు, కాస్త అన్నం తిను.

ఉదయ్ వచ్చాడు. నాన్న అతన్ని తన పీట మీద కూర్చోమన్నారు. అతను ససేమిరా అన్నాడు. "కూర్చోరా" అని కసిరితే కూర్చున్నాడు. నాన్న ఎదురుగా కింద కూర్చుని, "నా తల పట్టుకో" అన్నారు. "నా గొంతు నాకే సరిగ్గా వినబడటం లేదు. ఈ మూడేళ్ళూ పిల్లలకి ఏం నూరిపోశానో నాకు అనుమానంగా ఉంది. నేను చెప్తాను. ఎక్కడ తప్పితే అక్కడ నొక్కు. గౌరవం కొద్దీ వదిలేశావో, ఆ పాపం నీ నెత్తిన పడుతుంది."

ఉదయ్ రెండు చేతులతో పట్టుకున్నాడు. నాన్న తల మీద ఒకరు చెయ్యి వెయ్యడం నేను అంతకుముందు చూడలేదు. గంటన్నర చెప్పారు. అక్షరం పోలేదు, స్వరం తప్పలేదు, నేనూ వింటూనే ఉన్నాను. చివర్లో ఒకచోట దిగాల్సిన స్వరం నిలబడిపోయింది. ఉదయ్ కళ్ళ నిండా నీళ్ళు. అయినా నాన్న తలని మెల్లగా కిందికి వంచాడు.

నాన్న ఆపి నవ్వారు. "అది కావాలనే తప్పానురా. నువ్వు వదిలేసి ఉంటే, సరిగ్గా చెప్పానన్న మిగతా గంటన్నరా నమ్మేవాణ్ణి కాదు" అన్నారు.

వచ్చే గురువారం కాకినాడలో చెవి డాక్టరు దగ్గరికి వెళ్తున్నాం. మూడేళ్ళలో చదివి వెళ్ళినవాళ్ళందరికీ మళ్ళీ ఒకసారి వచ్చి ఉదయ్‌కి అప్పజెప్పమని కార్డులు రాశారు. హెడ్‌ఫోన్స్ నాకే ఇచ్చేశారు, పరీక్షకి చదువుకోమని.

ఆ ఒక్క తప్పూ నిజంగా కావాలనే చేశారా అని నీకు అనుమానం వస్తుందని తెలుసు. నాకూ వచ్చింది. రాత్రి అన్నం వడ్డిస్తూ అమ్మ ముఖం చూస్తే, ఆవిడకీ వచ్చినట్టే ఉంది. మేమెవరం అడగలేదు మావయ్యా. నువ్వూ అడక్కు.

ఫణి